కర్ర సాగదు, నలుగుతుంది: వంపు శిల్పాల వెనక లెక్క

మెలికలు తిరిగిన కర్ర శిల్పం కనబడగానే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒకే దుంగలోంచి చెక్కారా? ముక్కలు అతికించారా? అసలు ఇది కర్రేనా, ఫైబరా? పక్కన తెలిసినాయన ఒకరుంటే "నీళ్ళలో నానేసి వంచుతారండీ" అని తేల్చేస్తారు. నానేసినంత మాత్రాన బొటనవేలు మందం కర్ర వంగదు. వంచబోతే ఫట్‌మని విరుగుతుంది, లేదా చెయ్యి వదలగానే ఎప్పటిలా తిన్నగా అయిపోతుంది.

కర్రకి వంపు తేవడానికి దారులు నాలుగైదు ఉన్నాయి. శిల్పం ఎంత సన్నగా నిలబడగలదు, ధర ఎందుకంత, వానాకాలంలో దాని ఆకారం ఏమవుతుంది, ఇవన్నీ ఏ దారిలో చేశారన్న దాన్ని బట్టే ఉంటాయి. చెట్టు రకం, తేమ, ఆవిరి, ఇనప పట్టీ, జిగురు అంటూ పనివాళ్ళు చెప్పేవి వింటే అంతా కలగాపులగంగా అనిపిస్తుంది. ఒక్క విషయం పట్టుకుంటే మాత్రం చిక్కు చాలావరకు విడిపోతుంది. కర్రను వంచడమంటే బయటివైపు సాగదీయడం కాదు, లోపలివైపు నలపడం.

ముందు అసలు వంచకుండానే తెచ్చే వంపుల సంగతి చూద్దాం. అన్నిటికన్నా తేలికైనది రంపంతో కోసేయడం. వెడల్పాటి పలక మీద గీత గీసి, దాని వెంట కోస్తే అర్ధచంద్రాకారం వచ్చేస్తుంది. తిరకాసల్లా పీచుతో. కర్రలో పీచు చెట్టు పెరిగిన దిక్కునే నిలువునా ఉంటుంది. మనం వంపుగా కోసినా అది తిన్నగానే ఉంటుంది. కాబట్టి వంపు మధ్యలో పీచు కర్ర వెంటే పోతుంది గానీ, కొసలకు వచ్చేసరికి అడ్డంగా తెగి ఉంటుంది. అక్కడ కర్ర వేలెడు మందమే ఉంటే చేత్తో విరిచేయొచ్చు.

ఎద్దుల బండి చక్రాలు చేసేవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. చక్రం చుట్టును ఒకే చెక్కలోంచి కోయరు. పూటీలని చిన్న చిన్న వంపు ముక్కలు చేసి, ఆకుల, అంటే చక్రం మధ్య నుంచి చుట్టుకు పోయే కర్రల, కొసల మీద కూర్చి, చుట్టూ ఇనప పట్టా ఎక్కిస్తారు. ముక్క చిన్నదైతే అందులో వంపు తక్కువ. వంపు తక్కువైతే తెగే పీచూ తక్కువే. భౌగోళిక గుర్తింపు వచ్చిన మన ఉదయగిరి చెక్క స్పూన్ల సంగతీ అంతే. వాటి గుంట చెక్కినదే, వంచినది కాదు. చిన్న వస్తువు కాబట్టి నప్పుతుంది. అదే స్పూను వంపును మనిషెత్తుకు పెంచి వేలు మందాన నిలబెట్టమంటే ఏ పనివాడైనా నవ్వుతాడు. కోసిన వంపుతో పెద్ద శిల్పం చేయాలంటే లావుగా చేయాల్సిందే. సన్నగా, పొడుగ్గా, మెలికలు తిరిగి ఉందంటే అది కోసినది కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

రెండో దారి, చెట్టే పెంచిన వంపును వెతుక్కోవడం. కర్ర నాగలి అలాంటిదే. ట్రాక్టర్లు రాకముందు నాగలి చేయాలంటే కావలసింది తిన్నని దూలం కాదు, సరైన కోణంలో తిరిగిన కొమ్మ. తుమ్మచెట్టుకు అలాంటి వంకర కనబడితే రైతు దాన్ని పొయ్యిలోకి కొట్టనిచ్చేవాడు కాదు. "అది నాగలికొస్తది, ఉండనీండి" అనేవాడు. ఆ కొమ్మలో పీచు కూడా వంపు వెంటే తిరిగి ఉంటుంది, కాబట్టి ఎద్దులు లాగినా మెడ దగ్గర విరగదు. ఒకప్పుడు యూరప్‌లో ఓడలు కట్టేవాళ్ళు కూడా ఓడ పక్కటెముకల కోసం వంకర ఓక్ చెట్లను ఏరి తెచ్చుకునేవాళ్ళు.

ఈ పద్ధతిని శిల్పంలోకి తెచ్చినవాళ్ళలో మార్టిన్ ప్యూరియర్ పేరు ముందు చెప్పుకోవాలి. 1941లో వాషింగ్టన్‌లో పుట్టిన ఈ అమెరికన్ శిల్పి 1964 నుంచి 1966 దాకా పీస్ కోర్ అనే అమెరికా స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున సియెర్రా లియోన్‌లో పనిచేస్తూ అక్కడి వడ్రంగుల పనితనాన్ని దగ్గరగా చూశాడు. 1996లో ఆయన చేసిన ఒక నిచ్చెన దాదాపు పదకొండు మీటర్ల పొడవుంటుంది. లేత యాష్ చెట్టు మానును నిలువునా చీల్చి రెండు నిట్టాళ్ళుగా పెట్టాడు. చెట్టు ఎలా వంకర్లు పోయిందో నిచ్చెనా అలాగే వంకర్లు పోతుంది. కింద రెండడుగులకు కొంచెం తక్కువ వెడల్పు, పైకెళ్ళేకొద్దీ సన్నబడి చివరికి అంగుళం చిల్లర. ఇటలీలో జరిగే పెద్ద కళాప్రదర్శన వెనిస్ బియెన్నాలేలో 2019లో అమెరికా తరఫున నిలిచింది ఆయన శిల్పాలే. మన నాగలి చేసిన చేతులకు ఆ నిచ్చెన చూపిస్తే అందులో వింతేం కనబడకపోవచ్చు. తేడా ఏమిటంటే, మనవాడు తనకు కావలసిన వంపు దొరికేదాకా వెతికాడు. ఆయన దొరికిన వంపుకు తగ్గ వస్తువును ఊహించాడు.

ఇక అసలు వంచడం. ఇక్కడ కాస్త లెక్క తప్పదు.

25 మిల్లీమీటర్ల మందం, అంటే అంగుళం మందం ఉన్న కర్రను అర్ధవృత్తంగా వంచాలనుకుందాం. లోపలివైపు వ్యాసార్ధం 300 మిల్లీమీటర్లు. అప్పుడు లోపలి అంచు పొడవు 942 మిల్లీమీటర్లు అవుతుంది, బయటి అంచు పొడవు 1,021. ఒకే కర్రకు రెండు అంచులు, వాటి మధ్య తేడా 79 మిల్లీమీటర్లు, దాదాపు జానెడులో మూడో వంతు. ఈ తేడా ఎక్కడి నుంచో రావాలి. బయటివైపు సాగాలి, లేకపోతే లోపలివైపు కుంచించుకోవాలి, లేదా రెండూ కొంచెం కొంచెం జరగాలి.

ఏ కట్టుబాటూ లేకుండా వంచితే కర్ర ఆ తేడాను రెండువైపులా పంచుకుంటుంది. బయటివైపు సుమారు 4 శాతం సాగాల్సి వస్తుంది. కర్రకు అంత సాగే గుణం లేదు. ఆవిరి పట్టించి మెత్తబరిచినా 1 నుంచి 2 శాతం సాగేసరికి పీచు తెగుతుంది. కానీ అదే మెత్తబడిన కర్రను పొడుగునా నొక్కితే, మంచి జాతి కర్ర 25 నుంచి 30 శాతం దాకా నలిగి ఇముడుతుంది. లోపలి కణాల గోడలు ముడతలు పడతాయి తప్ప తెగవు. సాగడానికి ససేమిరా అనే కర్ర, నలగడానికి ఇంతగా ఒప్పుకుంటుంది.

అందుకే వంచేటప్పుడు కర్ర బయటివైపున ఇనప పట్టీ పెడతారు. పట్టీకి రెండు చివర్లా అడ్డు దిమ్మలు ఉంటాయి. వాటి మధ్య కర్ర బిగుతుగా కూర్చుంటుంది. వంచుతుంటే బయటి అంచు సాగుదామని చూస్తుంది, పట్టీ సాగనివ్వదు. దాంతో ఆ 79 మిల్లీమీటర్ల తేడా మొత్తం లోపలివైపు నలగడంలోనే తీరిపోవాలి. మన లెక్కలో 1,021 పొడవున్న లోపలి అంచు 942కి తగ్గాలి, అంటే 7.7 శాతం. 25 శాతం దాకా నలగగల కర్రకు ఇదొక లెక్కా?

ఈ కిటుకును వ్యాపారంగా మార్చినవాడు మైకేల్ థోనెట్. 1796లో జర్మనీలోని బోపార్డ్‌లో పుట్టి, 1842లో వియన్నా చేరాడు. ముందు ఆయన సన్నటి పొరలను జిగురులో ఉడికించి, కట్టగట్టి వంచేవాడు. ఆ జిగురు తేమకు ఆగేది కాదు. తేమ ఎక్కువుండే దూరదేశాలకు ఓడల్లో పంపిన కుర్చీలు పొరలు విడిపోయేవి. మన కోస్తాలో ఐనా అదే జరిగేది. అందుకే ఆయన జిగురు లేకుండా ముక్క కర్రనే, అంటే పొరలు లేని ఒకే ముక్కనే, వంచే దారి పట్టాడు, బయటివైపు ఇనప పట్టీతో. 1856లో దానికి హక్కులు వచ్చాయి. 1859 నాటి ఆయన 14వ నంబరు కుర్చీని విడగొట్టి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1930 నాటికి అవి 5 కోట్లు అమ్ముడయ్యాయి. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో గుండ్రటి వీపుతో కనబడే పాతకాలపు కుర్చీలు ఈ వంశానివే. మనం ఎన్నిసార్లు వాటిలో కూర్చుని చాయ్ తాగామో గానీ, ఆ వీపులో ఒక వైపు కర్ర నలిగి ఉందని ఎవరం అనుకోలేదు.

సరే, కర్ర అంతగా నలగడానికి ఎందుకు ఒప్పుకుంటుంది?

కర్రలో పీచు ప్రధానంగా సెల్యులోజ్. ఆ పీచులను కలిపి పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. చల్లగా, పొడిగా ఉన్నప్పుడు లిగ్నిన్ గట్టిగా ఉంటుంది, పీచును కదలనివ్వదు. వేడెక్కితే మెత్తబడుతుంది. కానీ ఎండిన కర్రలో అది మెత్తబడాలంటే చాలా వేడి కావాలి, ఆలోపు కర్ర మాడిపోవడం మొదలవుతుంది. తేమ ఉంటే మాత్రం నీళ్ళు మరిగే వేడికే, ఇంకా కాస్త తక్కువకే లొంగుతుంది. అందుకే వేడీ కావాలి, తేమా కావాలి. నానేస్తే వంగుతుందనే ఆయన సగం మాట చెప్పాడు.

కాబట్టి ప్రెజర్ ఏం అక్కర్లేదు. ఇడ్లీ పాత్రలో వచ్చేపాటి ఆవిరి చాలు, కుక్కర్ విజిల్ వేయాల్సిన పనిలేదు. నిజానికి కర్రను లోపల పెట్టి ఆవిరి పట్టే పెట్టెను గాలి చొరబడకుండా మూసేయడమే ప్రమాదం. ఆవిరి బయటికి పోయే బెజ్జం తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే మూత లేచి మొహాన కొడుతుంది. అంగుళం మందానికి గంట అన్నది పనివాళ్ళ మోటు లెక్క. ఎక్కువసేపు ఉంచితే ఇంకా బాగా వంగుతుందని కొందరు అనుకుంటారు. అదీ ఒప్పు కాదు. అతిగా ఉడికిన కర్ర లోపలివైపు పెద్ద పెద్ద ముడతలుగా కుప్పబడుతుంది. ఇంటర్నెట్‌లో చూసి ప్లాస్టిక్ పైపులో ఆవిరి పట్టేవాళ్ళకు ఒక మాట: మామూలు పీవీసీ పైపు ఆ వేడికి కర్రకన్నా ముందే వంగుతుంది.

తేమ ఎంతుండాలన్నది ఇంకో మెలిక. 20 నుంచి 25 శాతం తేమ ఉన్న కర్ర బాగా వంగుతుంది. అప్పుడే నరికిన పచ్చి కర్రలో కణాల లోపల కూడా నీళ్ళు నిండి ఉంటాయి. నలిపేటప్పుడు ఆ నీళ్ళకు పోయే దారి దొరక్క గోడలు పగిలే ప్రమాదం ఉంది. మరోవైపు, డిపోలో బట్టీలో వేడి గాలికి ఆరబెట్టి అమ్మే సీజన్డ్ కర్ర తలుపులకు బంగారమే గానీ, వంచడానికి మొండికేస్తుంది. ఒకసారి అంత వేడికి ఆరిన కర్రకు మళ్ళీ ఆవిరి పట్టినా పూర్వపు మెత్తదనం రాదు. నీడలో, గాలికి ఆరిన కర్ర కావాలి. ఇంటికి తలుపులు చేయించుకునే మనిషి డిపోలో అడిగేదానికి ఇది పూర్తిగా తిరగబడిన బేరం.

వెదురు సంగతి వేరే చెప్పాలి. మేదర్లు వెదురు బద్దను నేరుగా మంట మీద కాచి వంచడం చూసే ఉంటారు. ఆవిరి పెట్టె లేదు, పట్టీ లేదు. బద్ద సన్నది, లోపల సొంత తేమ ఉంది, పీచు కణుపుల దగ్గర తప్ప ఎక్కడా పక్కకు పోదు. సూత్రం మాత్రం అదే.

కావలి దగ్గర నాకు తెలిసిన ఆచారి ఒకాయన ఉన్నాడు. ద్వారబంధాలు, కిటికీలు చేసిన చెయ్యి. ఇప్పుడు ఎక్కువగా వంపు శిల్పాలే చేస్తున్నాడు. షెడ్డులో పాత రీపర్లు కూర్చి చేసిన పొడుగాటి పెట్టె, దాని ఒక కొసన గోనెగుడ్డ కుక్కిన మూత, కింద గ్యాస్ పొయ్యి మీద నీళ్ళ డబ్బా, డబ్బా నుంచి పెట్టెలోకి ఒక గొట్టం. ఎదురుగా నేల మీద మందపాటి పలకకు బోల్టులతో బిగించిన అచ్చు. పెట్టెలోంచి తీసిన దగ్గర్నుంచి మాటలకు టైమ్ ఉండదు. కర్ర చల్లబడేలోపు, అంటే నిమిషం అటూ ఇటూగా, పని అయిపోవాలి. అందుకని ముందే ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకుంటారు. ఎవరు ఎటు నిలబడాలి, క్లాంపులు ఎక్కడ పెట్టాలి, అన్నీ.

తీశారు. బామ్మర్ది ఒక కొస అచ్చుకు ఆనించి పట్టుకున్నాడు. ఆచారి రెండో కొసన పట్టీ పిడి పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. లాగడం కాదు, అచ్చు చుట్టూ నిదానంగా అడుగులు వేయడం.

"బావా, దిమ్మ జారతాంది!"

"నువ్వు అదట్టనే పట్టు. జారలా, కూచుంటాంది."

సగం తిరిగేసరికి లోపలివైపు కర్ర మీద సన్నటి అడ్డగీతలు లేచాయి, గోరుతో నొక్కినట్టు. నాకు టెన్షన్ పట్టింది. ఆయనకు పట్టలేదు. తర్వాత అడిగితే, "ముడత చిత్రికలో పోద్ది అబ్బయా. బయట పీచు లేసిందా, ఇంక పొయ్యిలోకే" అన్నాడు. ఇంతకన్నా బాగా ఈ శాస్త్రాన్ని చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశాను. క్లాంపులు విప్పాక, పట్టీ తగిలిన చోటంతా కర్ర మీద నీలం నలుపు మరక. మసి కాదు, తుడిస్తే పోలేదు. కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం, తడి, ఇనుము, మూడూ కలిస్తే పుట్టే నలుపు అది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పుట్టేదీ ఇలాంటి చర్యతోనే. అక్కడ ఇనప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద నల్లబడతాయి. ఒక చోట కళకు కావలసిన రంగు ఇంకో చోట మచ్చ. ఆక్జాలిక్ ఆసిడ్ రాస్తే ఆ మచ్చ పోతుంది. స్టెయిన్‌లెస్ పట్టీ వాడితే అసలు రాదు. లేదంటే పట్టీకీ కర్రకూ మధ్య ప్లాస్టిక్ షీటు వేయాలి.

ఏ చెట్టు? వంపు పనికి ప్రపంచంలో పేరున్నవి బీచ్, యాష్, ఓక్, ఎల్మ్ లాంటి చలిదేశపు చెట్లు. థోనెట్ కుర్చీ బీచ్. మన వేడి ప్రాంతపు చెట్లలో చాలావాటికి పీచు ఒక పొరలో ఇటు వాలి, తర్వాతి పొరలో అటు వాలి పెనవేసుకుని ఉంటుంది. వేప అలాంటిదే, నిద్రగన్నేరు అలాంటిదే. చిత్రిక పట్టేటప్పుడు ఒకవైపు నున్నగా, ఇంకోవైపు పెచ్చులుగా లేస్తుందే, అదే గుర్తు. అలాంటి కర్రను వంచితే పీచు వాలిన చోటల్లా బయటికి చీలుకొస్తుంది. టేకుకు పీచు చాలావరకు తిన్నగా ఉంటుంది, ఓ మాదిరిగా వంగుతుంది. కానీ దాని ధరకు ఎవరికైనా ప్రయోగాలు చేయబుద్ధి కాదు. పైగా అందులోని నూనె జిగురుకు పడదు. మన దేశంలో ఆవిరి పట్టి వంచడానికి బాగా నప్పిన చెట్టు మల్బరీ. జలంధర్‌లో హాకీ కర్రల కొక్కెం వంచింది చాలాకాలం దాంతోనే.

మన వెలుగొండల్లో పెరిగే ఎర్రచందనం సంగతి అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అది ముట్టుకోవద్దు. అనుమతి లేకుండా కొట్టడం, తరలించడం నేరం. అందులోనూ అలలు అలలుగా తిరిగిన పీచున్న కర్రకే గిరాకీ ఎక్కువ. వంపు పనికి పనికిరానిదీ సరిగ్గా అదే పీచు. ప్రకాశం జిల్లాలో ఎకరాలకెకరాలు పెరిగే సుబాబుల్, జామాయిల్ టన్నుల లెక్కన పేపర్ మిల్లులకు పోతాయి. వాటిలోంచి ముడులు లేని తిన్నని కర్రలు ఏరి ప్రయత్నిస్తున్న వాళ్ళున్నారు. పేపర్ మిల్లు రేటుకన్నా మంచి రేటు రైతుకు దొరికితే సంతోషమే గానీ, శిల్పాలకు పట్టేది ఎంత, తోటల్లో ఉన్నదెంత? దాన్ని రైతు సమస్యకు పరిష్కారంగా రాసేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

జాతి కన్నా ముఖ్యమైనది ఏ ముక్క తీసుకున్నామన్నది. ముడి ఉండకూడదు. పీచు కొస నుంచి కొసకు తెగకుండా రావాలి. దీనికి పాత మార్గమే మంచిది. రంపం పీచును పట్టించుకోదు, గీత గీసిన చోటల్లా కోస్తుంది. గొడ్డలి, చీలలు పెట్టి చీలిస్తే కర్ర తన పీచు వెంటే విడిపోతుంది. చీల్చిన కర్ర చూడ్డానికి మోటుగా ఉంటుంది, వంచితే మాట వింటుంది. సామిల్లులో కోయించి తెచ్చిన రీపరు నున్నగా ఉంటుంది, అచ్చు మీద ఎక్కడో ఒక చోట లేస్తుంది.

ఇక పొరల పద్ధతి. కర్రను ఒకటి రెండు మిల్లీమీటర్ల పొరలుగా చేసి, ఒక్కొక్కదానికీ జిగురు రాసి, దొంతరగా పెట్టి అచ్చు మీద బిగిస్తారు. పొర సన్నదైతే దాని లోపలి అంచుకూ బయటి అంచుకూ తేడా స్వల్పం. మన లెక్కలో 79 మిల్లీమీటర్లు వచ్చిన చోట, ఒక మిల్లీమీటరు పొరకు వచ్చేది 3 మిల్లీమీటర్ల పైచిలుకే. ఆ కాస్తకు నలగాల్సిన పనే లేదు. మిగతా తేడా అంతా పొరలు ఒకదాని మీద ఒకటి జారడంలో పోతుంది. జిగురు ఆరాక ఇక జారలేవు, వంపు అలాగే ఉండిపోతుంది. ఆవిరి అక్కర్లేదు, మొండి చెట్లూ పనికొస్తాయి. రెండు దిక్కులా మెలితిరిగే పెద్ద ఆకారాలు ఇలా చేయడమే సులువు. ఐర్లాండ్‌లో కార్క్ ప్రాంతానికి చెందిన జోసెఫ్ వాల్ష్ చేసే పెద్ద పెద్ద సుడులు ఈ దారివే. డబ్లిన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఆయన శిల్పం ఒకటి మనిషిని మించిన ఎత్తులో నిలబడి ఉంటుంది.

జిగురు మాత్రం చూసి ఎంచుకోవాలి. మనం ప్లైవుడ్ పనికి వాడే తెల్ల జిగురు ఆరాక కూడా ఎడతెగని బిగువు కింద నెమ్మదిగా పాకుతుంది. పొరల వంపులో ఆ బిగువు ఎప్పటికీ ఉంటుంది. ఎపాక్సీ లాంటి, ఆరాక రాయిలా గట్టిపడే జిగురు కావాలి.

పొరలు అతికించింది 'నకిలీ' అనీ, ముక్క కర్రను వంచిందే అసలైన పని అనీ ఒక వాదం నడుస్తుంటుంది. నాకు ఆ వాదం ఒప్పుగా కనబడదు. పొరల పనిలో జిగురు గీత కనబడకుండా పీచును పీచుతో కలపడానికి తక్కువ చెయ్యి సరిపోదు. నకిలీ అనాల్సినది వేరే ఉంది. ఎండీఎఫ్‌ను, అంటే కర్ర పీచును జిగురుతో నొక్కి చేసిన పలకను, వంపుగా కోసి, పైన టేకు పొర అంటించి, వంచిన కర్ర అని అమ్మడం. వెనకవైపు రంపంతో గాట్లు పెట్టి, ముందువైపు వంచి, గాట్లను పుట్టీతో పూడ్చే పద్ధతీ ఉంది. సోఫా అంచులకు, కౌంటర్లకు అది చాలు. చుట్టూ తిరిగి చూసే శిల్పానికి పనికిరాదు.

కుర్చీ నుంచి శిల్పానికి వచ్చేసరికి మారేది ప్రధానంగా అచ్చు సంగతి. థోనెట్ ఒక అచ్చు మీద వేల కుర్చీలు తీశాడు, కాబట్టి అచ్చు ఖర్చు కుర్చీకి పైసలే. శిల్పికి ప్రతి వంపూ వేరు. ఒక వంపుకు ఒక అచ్చు, ఆ తర్వాత అది మూల పడుతుంది. అందుకే కొందరు అచ్చే లేకుండా, వేడి కర్రను చేత్తో తిప్పి, దొరికిన చోట క్లాంపు వేసి, కర్ర ఎటు ఒప్పుకుంటే అటు పోనిస్తారు. అలా వచ్చిన రేఖకు అచ్చు మీద వచ్చిన రేఖకు లేని చలనం ఉంటుంది. విరిగేవీ ఎక్కువే ఉంటాయి. శిల్పం ధర చూసి "ఇంత చిన్న కర్రకా?" అనేవాళ్ళు పొయ్యిలోకి పోయిన కర్రలను, మూలన పడ్డ అచ్చులను లెక్కలోకి తీసుకోరు.

చివరగా, చాలామంది మరిచిపోయేది, వంచిన తర్వాత ఏమవుతుందన్నది. అచ్చు మీంచి విప్పగానే కర్ర కాస్త విచ్చుకుంటుంది. దానికోసం ముందే కొంచెం ఎక్కువ వంచుతారు, అచ్చు మీదే రోజులకొద్దీ ఆరనిస్తారు. ఆరేకొద్దీ లిగ్నిన్ మళ్ళీ గట్టిపడి వంపును పట్టి ఉంచుతుంది. అంతటితో ఐపోతే బాగుండేది. కానీ లోపలివైపు నలిగిన పీచు తేమ తగిలినప్పుడల్లా పొడుగునా ఉబ్బుతుంది. మామూలు కర్ర పొడుగునా దాదాపు ఉబ్బదు, అడ్డంగానే ఉబ్బుతుంది. నలిగిన కర్ర అలా కాదు. లోపలివైపు పొడుగు పెరిగితే వంపు విప్పారుతుంది. మళ్ళీ ఆరితే బిగుస్తుంది. అంటే శిల్పం ఏడాది పొడుగునా కాస్త కాస్త కదులుతూనే ఉంటుంది.

నెల్లూరు తీరంలో ఇది మరీ పట్టించుకోవాల్సిన విషయం. మనకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. మే నెలలో రోహిణి కార్తె ఎండలకు వడిలిన గాలి, కార్తీకంలో ముసురు పట్టిన గాలి, ఈ రెండిటి మధ్య తేమలో చాలా తేడా. వేసవిలో వంచి, ఆరబెట్టి, గోడకు రెండు కొసలా మేకులతో కదలకుండా బిగించిన శిల్పం నవంబరులో విప్పారదామని చూస్తుంది. చోటు లేక ఎక్కడో చీలుతుంది. అందుకే ఒక కొస బిగించి, రెండోది కాస్త జరగడానికి వీలుగా వదలాలి. నూనె, మైనం, పాలిష్ తేమను నెమ్మదింపజేస్తాయి, ఆపవు. ఏసీ గాలి నేరుగా తగిలే గోడ మీద పెట్టడం ఇంకా చేటు. పగలు ఆరుతుంది, రాత్రి ఏసీ ఆపగానే తేమ పీలుస్తుంది.

కొనేవాళ్ళు చూసుకోవలసినది ఇదీ. పీచు గీతలు వంపు వెంటే తిరిగి, అంచుల్లో పొరలు లేకపోతే అది ముక్క కర్రను వంచినది, లేదా పెరిగిన వంపు. అంచులో సమానమైన పొరలు కనబడితే జిగురు పని. గీతలు వంపును దాటి అంచులోంచి బయటికి పోతే కోసినది. లోపలివైపు వేలుతో తడిమితే సన్న ముడతలు తగలొచ్చు. అవి లోపం కాదు, వంచినదనడానికి సాక్ష్యం. బయటివైపు పుట్టీ పూసిన జాడ కనబడితే మాత్రం అడగండి.

కావలి ఆచారి వేసవిలో వంచిన ముక్క కర్ర శిల్పాలను వెంటనే ఇవ్వడు. షెడ్డులో పై వాసాలకు వేలాడదీసి, ఒక వానాకాలం దాటనిచ్చి, విప్పారినంత విప్పారాక కొసలు మళ్ళీ కోసి సరిచేసి, సంక్రాంతి తర్వాత పంపిస్తాడు. గృహప్రవేశం దసరాకే పెట్టుకున్నామని తొందరపెట్టేవాళ్ళకు పొరల పని చేసి ఇస్తానంటాడు.